స్టీరియో జతను చూసి మాట చెప్పేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నలుగురి స్టీరియో ఫోటోలు చూసి అభిప్రాయం చెప్పే పని నీ మీద పడిందన్నావు. స్టీరియో అంటే ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటిగా కాస్త పక్కకు జరిపి తీసిన రెండు బొమ్మల జత, రెండూ కలిస్తే లోతు కనిపిస్తుంది. మామూలు ఫోటో అయితే వెలుగుతోనో కూర్పుతోనో మొదలుపెట్టొచ్చు. స్టీరియోలో ముందు రెండు బొమ్మలూ కళ్లకు నొప్పి లేకుండా కలవాలి, తక్కినవన్నీ ఆ తర్వాతే. కనిపించిన ప్రతి దోషానికీ ఒక ప్రశ్న వేసుకో: ఇది కంప్యూటర్ ముందు కూర్చుని సరిచేసుకునేదా, మళ్లీ వెళ్లి తీస్తే తప్ప పోనిదా? తీసినవాళ్లకు కావలసింది ఆ జవాబే. "కళ్లు లాగుతున్నాయి" అని ఊరుకుంటే వాళ్లేం చేసుకుంటారు?

వ్యూయర్‌లో, అంటే ఒక్కో కంటికి ఒక్కో బొమ్మను చూపించే పరికరంలో, పెట్టి చూడు. కళ్లు మెల్ల పెట్టి చూసి తీర్పు చెప్పొద్దు. కళ్లు కుదురుకోవడానికి పది పదిహేను సెకన్లు ఇచ్చి, తర్వాత ఒక్కో కన్నూ మూసి తెరువు. వెనకున్న కొండ ముందుకొచ్చి, ముందున్న చెట్టు గుంటలో పడ్డట్టుంటే ఎడమ కుడి తారుమారైనట్టు. ఒక్క క్లిక్కుతో పోయేదానికి పేరా రాయక్కర్లేదు, ఒక మాట చాలు.

నిలువు తేడా సంగతి వేరు. 1838లో ఇంగ్లండు శాస్త్రవేత్త వీట్‌స్టోన్, జత బొమ్మలను లోతుగా చూపించే తన స్టీరియోస్కోప్ గురించి రాసినప్పుడు వాడినవి ఉత్త గీతల బొమ్మలు. నీడ లేదు, రంగు లేదు, అయినా లోతు కనిపించింది. లోతుకు కావలసింది రెండు బొమ్మల మధ్య అడ్డంగా ఉండే తేడా ఒక్కటే. నిలువుగా ఏ కాస్త తేడా ఉన్నా అది కళ్లకు శిక్షే. ఒక కెమెరా ఒరిగి ఉంటే ఎడమవైపు వస్తువులు పైకీ, కుడివైపువి కిందికీ తప్పుతాయి. కెమెరాలను లోపలికి తిప్పి తీస్తే నడుమ అంతా సరిగ్గానే ఉండి, నాలుగు మూలల్లోనూ పొంతన తప్పుతుంది. ఏది జరిగిందో పేరు పెట్టి చెప్పు. రెండూ చాలామటుకు స్టీరియో ఫోటో మేకర్‌లో ఆటో అలైన్‌తో సర్దుకుంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

ఎక్కువమంది తప్పేది కిటికీ దగ్గర. ఫోటో అంచులు కిటికీ చట్రంలాంటివి. కొమ్మ ఒకటి చట్రం దాటి మన మీదికొస్తూ, అదే పక్క అంచు దాన్ని కోసేస్తే మెదడు ఒప్పుకోదు: ముందున్నదాన్ని వెనకున్న చట్రం ఎలా కోస్తుందని. కింది అంచు దగ్గర ఇదే జరిగితే అంతగా బాధించదు, పట్టించుకోకు. పరీక్ష తేలిక. ఎడమ అంచు దగ్గర కుడికంటి బొమ్మలో దృశ్యం ఎక్కువ కనిపించాలి, కుడి అంచు దగ్గర ఎడమకంటి బొమ్మలో. అలా లేకపోతే ఎడమ బొమ్మకు ఎడమ అంచునా, కుడి బొమ్మకు కుడి అంచునా సమానంగా కత్తిరించమను. దృశ్యమంతా కిటికీ వెనక్కి జరుగుతుంది.

లోతు మరీ ఎక్కువైతే మాత్రం కత్తెర పనిచేయదు. "ఎక్కువైంది" అనకుండా కొలిచి చెప్పు. 1920 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటో తీసుకో. ఒకే వస్తువు రెండు బొమ్మల్లోనూ ఎడమ అంచు నుంచి ఎన్ని పిక్సెళ్ల దూరంలో ఉందో చూసి, కుడి బొమ్మ అంకెలోంచి ఎడమ బొమ్మ అంకె తీసెయ్. అన్నిటికంటే దగ్గరున్న కొమ్మ ఎడమ బొమ్మలో 900 దగ్గర, కుడి బొమ్మలో 896 దగ్గర ఉంది, అంటే మైనస్ 4. దూరపు గోపురం ఎడమలో 1210, కుడిలో 1302, అంటే ప్లస్ 92. మొత్తం 96, వెడల్పులో ఇరవయ్యో వంతు. ముప్పయ్యో వంతు, అంటే 64 దాటకుండా ఉంటే సుఖం. తీసినవాళ్లు రెండు లెన్సుల మధ్య ఎడం 65 మిల్లీమీటర్లు పెట్టి ఉంటే, ఈసారి 43 పెట్టమను, లేదా అదే ఎడంతో 1.3 మీటర్ల దూరంలోని ఆ కొమ్మకు 2 మీటర్ల దాకా వెనక్కి జరగమను. దగ్గరి వస్తువు దూరంలో ముప్పయ్యో వంతు ఎడం అనే లెక్క ఇదే. వెనక గోడ దగ్గరగానే ఉంటే ఎడం ఇంకాస్త పెంచినా పరవాలేదు.

ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒరిగి ఒకే కెమెరాతో రెండు షాట్లు తీసేవాళ్లు ఉంటారు. రాతి మండపానికి ఆ పద్ధతి భేషుగ్గా సరిపోతుంది. అలలు, ఊగే ఆకులు, నడిచే మనిషి ఉంటే ఒక్కో కంటికి ఒక్కో కథ కనిపిస్తుంది. ఇది బాగుపడదని నిర్మొహమాటంగా చెప్పి, రెండు కెమెరాలు ఒకేసారి నొక్కమను.

ఇక అభిరుచి. గోల్కొండను ఎదుటి గుట్ట మీంచి మూడు మీటర్ల ఎడంతో తీస్తే కోట బొమ్మల కొలువులో పెట్టినంత ముద్దుగా, చిన్నదిగా కనిపిస్తుంది. అది తప్పు కాదు, కావాలని చేసిందో లేదో ముందు అడుగు. ఒక కన్ను మూస్తే ఫోటో ఏం పోగొట్టుకుంటుందో కూడా చూడు. ఏమీ పోకపోతే ఆ దృశ్యానికి స్టీరియో అవసరం లేదన్నమాట. ఈ మాట కొత్తవాళ్లతో అనకు, చెయ్యి తిరిగినవాళ్లతోనే అను.

రాసేటప్పుడు ఒక ఫోటోకి రెండు విషయాలు మించనీయకు. "మండపంలో నాలుగు వరుసల స్తంభాలు విడివిడిగా నిలబడ్డాయి, వెలుగు వాటి మధ్యలోంచి రావడం బాగుంది. కుడి అంచున స్తంభం చట్రం ముందుకొచ్చింది, కుడి బొమ్మలో కుడివైపు, ఎడమ బొమ్మలో ఎడమవైపు 20 పిక్సెళ్ల చొప్పున తీసి చూడండి." ఇంత చాలు. మెచ్చుకోలు కూడా వేలుపెట్టి చూపించినట్టుండాలి. వాళ్ల ఫోటోను నువ్వే సర్ది పంపాలనుకుంటే ముందు అడిగి పంపు, అడగకుండా చేస్తే మంచి సలహా కూడా చేదవుతుంది.

దేంట్లో చూశావో రాయడం మరవకు. ఎరుపు-సయాన్ కళ్లద్దాలతో చూస్తే ఎర్రచీర ఒక కంటికి మెరిసి, రెండో కంటికి నల్లగా మాడిపోయి కనిపిస్తుంది. అది తీసినవాళ్ల తప్పు కాదు, రంగు తగ్గించి మార్చమంటే సరి. అలాగే రెండు మీటర్ల తెర మీద హాయిగా ఉన్న జత నాలుగు మీటర్ల తెర మీద కళ్లను బయటికి లాగొచ్చు. దూరాన ఉన్న ఒకే బిందువు ఎడమ బొమ్మలో పడ్డ చోటుకీ, కుడి బొమ్మలో పడ్డ చోటుకీ మధ్య తేడా తెర మీద 65 మిల్లీమీటర్లు దాటుతోందేమో స్కేలు పెట్టి కొలువు.

ఇట్లు,
మామయ్య