పదకొండు జతలు వద్దు, అమ్మడూ

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన పదకొండు ఫొటోలూ చూశాను. చెన్నైలో ఐదు రోజుల ఫ్యాషన్ వీక్‌కి పదకొండు జతలా! పైగా మీ అమ్మ ఇంకో రెండు కొంటానంటోంది. వద్దని చెప్పు. బట్టలు బాగాలేవని కాదు. ఆ ఫొటోలన్నిట్లో నువ్వు అద్దం ముందు నిలబడే ఉన్నావు. ఒక్కదాంట్లోనైనా కూర్చోలేదు, చెయ్యెత్తలేదు, మెట్లెక్కలేదు. ఇక్కడికి వచ్చాక నీకు రోజంతా ఉండే పని అదే.

కోడంబాక్కంలో ఇరవై ఆరేళ్ళు సినిమా కాస్ట్యూమ్స్‌లో పనిచేశాను కదా, ఒకటి చెప్తాను. కెమెరాకి కనిపించే ముందు భాగం చక్కగా ఉండాలని మేం వెనకాల డజను పిన్నీసులు పెట్టి బిగించేవాళ్ళం. షాట్ అయిపోగానే తీసేస్తే ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకునేది. ర్యాంప్ మీద నడిచేవాళ్ళకీ అంతే, రెండు నిమిషాలు ఓర్చుకుంటే చాలు. నువ్వు పొద్దున ఎనిమిదికి వేసుకున్నది రాత్రి పదకొండు దాకా విప్పవు. వాళ్ళని చూసి ఎంచుకుంటే ఎలా?

ఇక చెన్నై ఉక్క సంగతి నీకు తెలియంది కాదు. గాల్లోనే తేమ ఉంటుంది కాబట్టి పట్టిన చెమట ఆరదు. మా ఇంటి నుంచి వడపళని మెట్రో దాకా నడిచేసరికి వీపు తడుస్తుంది. రైల్లో ఏసీ, దిగగానే మళ్ళీ ఉక్క, హాల్లోకి వెళ్తే వేళ్ళు కొంకర్లు పోయేంత చలి. అందుకే మందంగా ఒక్కటి వేసుకోవడం కంటే పల్చగా రెండు వేసుకోవడం మేలు.

నీ ఆకుపచ్చ కుర్తా మంగళగిరి నూలు, చూడగానే గుర్తుపట్టాను. దాని లోపల లైనింగ్ ఏం వేశారో తిప్పి చూశావా? చాలామంది టైలర్లు పైన మంచి నూలు బట్ట కుట్టి, లోపల పాలిస్టర్ క్రేప్ వేసేస్తారు. మామూలు గాలిలో నూలు తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, లినెన్ 12 శాతం దాకా. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. ఒంటికి తగిలేది లైనింగే కాబట్టి, పైన నువ్వు డబ్బు పోసి కొన్న నూలు ఎందుకూ పనికిరాదు. ఆ లైనింగ్ విప్పించి మల్‌మల్, అదే పల్చటి నూలు బట్ట, వేయించు. ఉతికి ఆరేసిన బట్టే వెయ్యమను, లేకపోతే మొదటి ఉతుకులోనే లోపలిది కుంచించుకుపోయి పైది ఉబ్బుతుంది.

అసలు హాయి అంతా కుట్టులో ఉంటుంది. చంక దగ్గర వదులుగా ఉంటే సుఖమని అందరూ అనుకుంటారు. అది తప్పు. ఆర్మ్‌హోల్, అంటే చెయ్యి దూరే చోటు, ఎంత కిందికి దిగితే, చెయ్యెత్తినప్పుడు డ్రెస్సంతా అంత పైకి లేస్తుంది. ఆర్మ్‌హోల్ చంకకి దగ్గరగా ఉండి, స్లీవ్ మాత్రం పైభాగంలో కాస్త వెడల్పుగా ఉండాలి. కుట్టేశాక దాన్ని పైకి జరపడం కుదరదు. చంక కింద అదే గుడ్డతో డైమండ్ ఆకారంలో చిన్న ముక్క వేయిస్తే కొంత నయం. ఫొటోలో ఉన్న నీలం జాకెట్టు వేసుకుని అటక మీది డబ్బా అందుకుని చూడు. అందకపోతే ఆ జాకెట్టు రెడీ కానట్టే.

ఏడో ఫొటోలోని జంప్‌సూట్ ఇంట్లోనే వదిలేసి రా. వీపు వెనక జిప్పు, రెండు షోల మధ్య పది నిమిషాల టైమ్, బాత్రూమ్ ముందు క్యూ. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

రంగుల విషయంలో ఒక్క మాట. బూడిద రంగు, లేత నీలం చెమట మరకని ఊరంతటికీ చాటుతాయి. తెలుపు, నలుపు, ముదురు నీలం, చిన్న చిన్న ప్రింట్లు, ఇక్కత్, కలంకారీ దాచేస్తాయి. ఆ ఎర్ర మద్రాస్ చెక్స్ స్కర్ట్ మాత్రం పరీక్ష చెయ్యకుండా వేసుకోకు. తెల్ల చేతిరుమాలు తడిపి గట్టిగా రుద్దు. రంగు అంటుకుంటే నీ చెమటకీ దిగుతుంది. రంగు దిగే ఈ గుడ్డనే 'బ్లీడింగ్ మద్రాస్' అని పేరు పెట్టి, ఆ దిగడమే దాని గొప్ప అన్నట్టు ఒకప్పుడు అమెరికాలో అమ్మారు. వాళ్ళకి సరిపోయింది. నీ తెల్ల లంగా ఏమవుతుందో ఆలోచించు.

చెప్పులు కొనాలంటే సాయంత్రం వెళ్ళు, అప్పటికి పాదం కాస్త వాస్తుంది. వారం రోజులు ఇంట్లోనే వేసుకుని తిరుగు. 1994లో ఒక సినిమా శతదినోత్సవానికి కొత్త చెప్పులు తొడుక్కుని వెళ్ళి, రెండు మడమలూ బొబ్బలెక్కి, వాటిని చేత్తో పట్టుకుని ఆర్కాట్ రోడ్డు మీద నడిచి ఇంటికొచ్చాను. మీ బాబాయి ఇప్పటికీ దాని గురించి ఏడిపిస్తాడు. కరుస్తుందనిపించిన చోట ముందే మైక్రోపోర్ టేపు అంటించుకో, బొబ్బ లేచాక అంటిస్తే లాభం లేదు. చీర కింద స్నీకర్స్ వేసుకున్నా ఇప్పుడెవరూ ఏమీ అనుకోరు. తొడలు ఒరుసుకోకుండా స్కర్టు కింద సైక్లింగ్ షార్ట్స్ వేసుకో. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నా.

చివరి రాత్రికి కంచి పట్టు కడతానన్నావు. ఆ జరీ బరువుతో కెమెరా వాళ్ళ మధ్య పరుగులు తీస్తావా? నిజాం బార్డర్ మంగళగిరి నూలు చీర తెచ్చుకో. గంజి మరీ ఎక్కువ పెట్టకు, ఈ గాలికి మధ్యాహ్నానికే మెత్తబడి కుచ్చిళ్ళు జారతాయి. బుట్టలు పెద్దవి పెట్టుకోవాలని ఉంటే మాటీలు తగిలించుకో. ఆ గొలుసు అందానికి మాత్రమే కాదు, బరువుని జుట్టు మీదికి తీసుకుని చెవి తమ్మెల్ని కాపాడుతుంది.

ఇవన్నీ పోగా నీకు కావలసినవి ఒక నల్ల ప్యాంటు, రెండు కుర్తాలు, నీ ఇక్కత్ కోటు, చీర. నిన్నటి ప్యాంటే మళ్ళీ వేసుకున్నావేమని ఎవరైనా అంటే, అంత శ్రద్ధగా చూసినందుకు థాంక్స్ చెప్పు. హాల్లో చలికి స్టోల్ కొనకు. అమ్మమ్మ తేలియా రుమాలు నా దగ్గర ఉంది. చీరాల వైపు నేతగాళ్ళు నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో నానబెట్టి ఆ ఎరుపు రంగు పట్టించేవారు. అరబ్బు దేశాలకి తలపాగాల కోసం ఓడల్లో వెళ్ళిన సరుకు అది. ఇన్నేళ్ళయినా మెత్తగానే ఉంది. నూనె వాసన కాస్త వస్తుంది, భుజం మీద వేసుకుంటే ఎవరికీ తెలియదు.

గురువారం రాత్రికే రా, శుక్రవారం పొద్దున్నే మా టైలర్ దగ్గరికి వెళ్దాం. పది దాటితే వాడి దగ్గర పెళ్ళి జాకెట్ల గుంపు మొదలవుతుంది. పిన్నీసులు, సూది, నల్లదారం కొనకు, నా డబ్బా నిండా ఉన్నాయి. వచ్చేటప్పుడు ఆ నీలం జాకెట్టు పెట్టెలో అడుగున పడెయ్యకుండా పైన పెట్టు, ముందు దాని సంగతి చూడాలి.

నీ పిన్ని