సమాధానం: మందుల కంపెనీలపై చట్టం కోరుతూ లోక్‌సభకు పంపిన పిటిషన్‌ను తీసుకోలేదు

ఆసుపత్రి బిల్లులు, పేపర్ కటింగులు జతచేసి, చివర "తగిన చర్య తీసుకోగలరు" అని ముగించానన్నారు కదా, బహుశా అక్కడే ఆగింది.

1. జతపత్రాలన్నీ తీసేయండి. లోక్‌సభ నియమాల ప్రకారం పిటిషన్‌కు ఏ కాగితమూ జతచేయకూడదు. వివరాలు పేరాల్లోనే రాయాలి.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే: చివర్లో కచ్చితమైన కోరిక ఉండాలి. ఉదాహరణకు: "డాక్టర్లకు కంపెనీలు బహుమతులు, విహారయాత్రలు ఇవ్వకూడదన్న 2024 మార్చి నాటి యూసీపీఎంపీ (మందుల కంపెనీల ప్రచార పద్ధతులపై కేంద్రం తెచ్చిన) నియమావళికి చట్టబద్ధత కల్పించి, ఉల్లంఘనకు జరిమానా పెట్టాలి." ఇప్పుడు ఫిర్యాదును మొదట విచారించేది కంపెనీల సంఘం కమిటీయే. రోగికి అన్యాయం జరిగేది ఇక్కడే, ఈ లోపాన్నే గట్టిగా పట్టుకోండి.

3. మీ ఆసుపత్రి బిల్లు గొడవ ఇందులో కలపొద్దు. చట్టంలో వేరే పరిష్కారం ఉన్న విషయం పిటిషన్‌గా చెల్లదు. దానికి వినియోగదారుల కమిషన్ ఉంది.

4. తెలుగులో రాయొచ్చు, కానీ మీరు సంతకం చేసిన ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం తోడుండాలి. సంతకందారులందరి పూర్తి పేరు, చిరునామా రాయండి.

5. ఎంపీ సభలో పెడితే ఆయన సంతకమూ కావాలి. ఆయన పలకకపోతే లోక్‌సభ సెక్రటరీ జనరల్‌కు నేరుగా పంపండి.