లుయ్ సెంగ్ చున్ వరండాలకు అద్దాలు గీయాలా?

హాంకాంగ్‌లోని లుయ్ సెంగ్ చున్ భవనాన్ని 1931 నాటి రూపంలో గీసేటప్పుడు వరండాలకు అద్దాలు చూపాలా అని మీరు అడిగారు. చూపకూడదు. కింద ఎముకల వైద్యానికి సంబంధించిన మందుల దుకాణం, పై అంతస్తుల్లో యజమాని కుటుంబం ఉన్న కాలంలో, కాలిబాట మీది స్తంభాలు మోసే ఆ వెడల్పాటి వరండాలు ఎండావానలను గదుల దాకా రానీయక, గాలిని మాత్రం ఆడనిచ్చేవి. ఇప్పటి అద్దాలు భవనాన్ని చైనా సంప్రదాయ వైద్యశాలగా మార్చిన పునరుద్ధరణలో, ఏసీ కోసం బిగించినవి. ఆ వైద్యశాల 2012లో మొదలైంది. అద్దాలు తీసేస్తే బొమ్మ బోసిపోతుందన్న భయం అక్కర్లేదు, ఎందుకంటే పిట్టగోడ పొడవునా వరుసగా నిలిచిన కలశాకారపు కమ్మీలు, వాటి వెనుక పరుచుకునే చిక్కటి నీడ ముఖభాగానికి అసలైన అందాన్నిస్తాయి. పైన దుకాణం పేరు చెక్కిన రాతి ఫలకాన్ని మాత్రం వదలకండి.