స్కాన్‌లో ఏమీ లేదన్నారు, మరి పార్కిన్సన్స్ అని ఎలా చెప్పారు?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. ఏడాదిగా కుడి చేయి వణుకుతోంది. ఊరికే కూర్చున్నప్పుడు ఎక్కువ, గ్లాసు పట్టుకోగానే తగ్గుతుంది. నడిచేటప్పుడు ఆ చేయి ఊగడం లేదు. చేతిరాత బాగా చిన్నదైపోయింది. న్యూరాలజిస్ట్ ఇరవై నిమిషాలు పరీక్షించి పార్కిన్సన్స్ అని చెప్పి లెవోడోపా మాత్రలు రాశారు. ఎంఆర్ఐ నార్మల్‌గానే వచ్చింది, రక్తపరీక్షల్లోనూ ఏమీ లేదు. ఏ పరీక్షలోనూ కనబడని జబ్బును అంత ధీమాగా ఎలా చెబుతారు? వెన్ను నుంచి ద్రవం తీసి చేసే కొత్త పరీక్ష వచ్చిందట, చేయించమంటారా? మణికట్టుకు ఒక పరికరం పెట్టి రెండేళ్లపాటు కదలికలు నమోదు చేసే పరిశోధనలో చేరమని కూడా అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. విశ్రాంతిలో వణుకు, పని మొదలుపెట్టగానే తగ్గడం, ఒక పక్కనే మొదలవడం, నడకలో చేయి ఊగకపోవడం, అక్షరాలు చిన్నవైపోవడం. ఇవన్నీ మీరు కళ్లతో చూసి రాసినవి. ఆ ఇరవై నిమిషాల్లో డాక్టరు వెతికినవీ ఇవే.

చూపుడువేలితో బొటనవేలిని టకటకా తాకించమని మీ నాన్నగారిని అడిగే ఉంటారు. చూసేవారికి అదేదో ఆటలా అనిపిస్తుంది కానీ మాకు అది చాలా విలువైన పరీక్ష. మొదట నాలుగైదుసార్లు వేళ్లు బాగానే విచ్చుకుంటాయి. ఆ తర్వాత వాటి మధ్య దూరం తగ్గుతూ వస్తుంది, వేగం మందగిస్తుంది, మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. వయసు పైబడినవారు ఎవరైనా నెమ్మదిగానే కదులుతారు. చేసేకొద్దీ కదలిక చిన్నదైపోవడం మాత్రం ఈ జబ్బు గుర్తు. చేతిరాతలో జరుగుతున్నదీ అదే. మీ నాన్నగారు రాసిన ఒక పొడవాటి వాక్యం తీసి చూడండి, మొదటి మాటకన్నా చివరి మాట చిన్నదిగా ఉంటుంది.

అంతర్జాతీయ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ 2015లో ప్రకటించిన ప్రమాణాలనే ఇప్పుడు ఎక్కువమంది న్యూరాలజిస్టులు పాటిస్తున్నారు. వాటి ప్రకారం కదలికలు ఇలా మందగించడం తప్పనిసరిగా ఉండాలి. దానికి తోడు విశ్రాంతిలో వణుకో, కండరాల బిగుతో ఉండాలి. ఆ తర్వాత జబ్బును బలపరిచే లక్షణాలేమిటి, అనుమానం కలిగించేవి ఏమిటి అని బేరీజు వేస్తారు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును మొదట వర్ణించినప్పుడు ఆయన ముందున్నది ఆరుగురు మనుషులు మాత్రమే. వారిలో ముగ్గురు వీధిలో తారసపడినవారు. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా మనిషి నడకను, చేతిని, ముఖాన్ని ఓపికగా చూడటంతోనే ఈ జబ్బు నిర్ధారణ మొదలవుతుంది. డాక్టరు పరీక్షలేమీ చేయకుండా చెప్పేశారని బాధపడకండి. ఆయన చేసిందే అసలైన పరీక్ష.

ఇక ఎంఆర్ఐ సంగతి. మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగం ఉంది. అక్కడ డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్లే మీ నాన్నగారికి ఈ ఇబ్బందులు. మామూలు ఎంఆర్ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. ఆ కణాలు ఎంత డోపమైన్ తయారుచేస్తున్నాయో అందులో తెలియదు. మరి ఎందుకు తీయించారంటే, ఇలాంటి లక్షణాలనే తెచ్చిపెట్టే చిన్న చిన్న పక్షవాతపు మచ్చలు, మెదడు గదుల్లో నీరు చేరడం, కణితి వంటివి లేవని తేల్చుకోవడానికి. నార్మల్ అని రావడం మంచి వార్తే.

డాట్ స్కాన్ అని మరొకటి ఉంది. అది డోపమైన్ కణాల కొసలు ఎంతవరకు మిగిలి ఉన్నాయో చూపిస్తుంది. చేతులు చాచినప్పుడో, పని చేస్తున్నప్పుడో రెండు చేతులూ వణికే ఎసెన్షియల్ ట్రెమర్‌కూ పార్కిన్సన్స్‌కూ మధ్య సందేహం వచ్చినప్పుడు అది ఉపయోగపడుతుంది. అయితే పార్కిన్సన్స్‌ను పోలిన మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ అనే జబ్బుల్లోనూ ఆ స్కాన్ తేడాగానే వస్తుంది. మీరు రాసిన లక్షణాలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు అది కొత్తగా చెప్పేది తక్కువ.

మీ ఉత్తరంలో లేని ఒక సంగతి నేనే అడుగుతాను. గత ఏడాది రెండేళ్లలో మీ నాన్నగారు వాంతులకు మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి సినరిజిన్, తలనొప్పికి ఫ్లూనరిజిన్, లేదా మానసిక సమస్యలకు ఇచ్చే మందులు ఏవైనా నెలల తరబడి వాడారా? ఇవి డోపమైన్ పనిని అడ్డుకుని అచ్చం పార్కిన్సన్స్‌లాంటి స్థితిని తెస్తాయి. చాలామందిలో మందు ఆపాక కొన్ని నెలలకు అది తగ్గిపోతుంది. ఒక్క పాత చీటీ బయటపడటంతో నిర్ధారణ మారిపోయిన మనుషులను నేను చూశాను. అందుకే ఇంట్లో ఉన్న మందుల చీటీలన్నీ, ఎంత పాతవైనా సరే, డాక్టరుకు చూపించండి. అంతేగానీ దేన్నీ సొంతంగా ఆపవద్దు. ముఖ్యంగా లెవోడోపాను ఒక్కసారిగా మానేస్తే తీవ్రమైన జ్వరం, కండరాల బిగుతుతో ప్రాణం మీదకు రావచ్చు.

మొదటిసారి చెప్పిన నిర్ధారణ ఎంతవరకు నిజమవుతుందన్న సందేహం మీకు రావచ్చు. దాచకుండా చెబుతాను. రోగులు మరణించాక మెదడును పరీక్షించి, బతికున్నప్పుడు చెప్పిన జబ్బుతో పోల్చి చూసిన అధ్యయనాలు ఉన్నాయి. అలాంటివాటిని కలిపి 2016లో విశ్లేషించినప్పుడు వైద్యుల నిర్ధారణ సుమారు 80 శాతం సరైనదని తేలింది. 2014లో అమెరికాలో వెలువడిన మరో అధ్యయనం ఇంకా కటువైన నిజం చెప్పింది. జబ్బు మొదలై ఐదేళ్లు దాటని, మందుకు స్పందించిన రోగుల్లో నిర్ధారణ 53 శాతమే సరైనది. ఐదేళ్లు దాటి, మందుకు స్పందిస్తూ ఉన్నవారిలో అది 85 శాతం మించింది. మొదటి గుంపులో ఉన్నవారు చాలా తక్కువమంది కాబట్టి ఆ 53ను పట్టుకుని భయపడనక్కరలేదు. ఆ రెండు అంకెల మధ్య తేడానే నేను ముఖ్యంగా చూస్తాను. ఆ తేడాను పూడ్చింది గడిచిన కాలం, ఆ కాలంలో చేసిన పరిశీలన. అందువల్ల మీ నాన్నగారి విషయంలో ఇప్పుడు చెప్పినదాన్ని మొదటి మాటగా తీసుకోండి. ప్రతి ఆరు నెలలకూ దాన్ని మళ్లీ సరిచూసుకోవడం డాక్టరు బాధ్యత. సరిపడా మోతాదులో లెవోడోపా ఇచ్చినా గుణం కనబడకపోయినా, మొదటి రెండు మూడేళ్లలోనే పదేపదే పడిపోతున్నా, లేచి నిలబడగానే రక్తపోటు బాగా పడిపోతున్నా, కనుగుడ్లు కిందికి తిప్పడం కష్టమవుతున్నా ఆ మాట తప్పకుండా చెప్పండి. అప్పుడు నిర్ధారణను మొదటి నుంచి ఆలోచించాలి.

వెన్ను ద్రవం పరీక్ష గురించి మీరు విన్నది నిజమే. ఈ రంగంలో నాకు ఎంతో ఆశ కలిగించిన పని అది. ఆల్ఫా సైన్యూక్లియిన్ అనే ప్రోటీన్ రూపు చెడి నాడీకణాల్లో ముద్దలుగా పేరుకోవడం ఈ జబ్బు లక్షణమని 1997 నుంచే తెలుసు. రూపు చెడిన ప్రోటీన్ పక్కనున్న మంచి ప్రోటీన్‌ను కూడా తన రూపులోకి మార్చేస్తుంది. ఆ గుణాన్నే పరీక్షగా మలిచారు. రోగి వెన్ను ద్రవాన్ని మంచి ప్రోటీన్‌తో కలిపి ఉంచితే, అందులో చెడిన ప్రోటీన్ అణువులు కొన్ని ఉన్నా చాలు, మిగతాదంతా మారడం మొదలై కనిపించేంతగా పెరుగుతుంది. దీన్ని సీడ్ యాంప్లిఫికేషన్ పరీక్ష అంటారు. 2010లో మొదలైన పీపీఎంఐ అనే పెద్ద అధ్యయనంలో 1,123 మందికి చేసి, ఫలితాలను 2023లో ప్రకటించారు. పార్కిన్సన్స్ ఉన్నవారిలో 87.7 శాతం మందిని అది పట్టుకుంది. ఆరోగ్యవంతుల్లో 96.3 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పింది. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే జన్యువులో మార్పు వల్ల జబ్బు వచ్చినవారిలో మాత్రం 67.5 శాతమే పట్టుకోగలిగింది. అంటే నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని అనుకోలేం. వెన్ను జోలికి పోకుండా మూడు చోట్ల చిన్న చర్మపు ముక్కలు తీసి ఇదే ప్రోటీన్‌ను వెతికే పద్ధతి కూడా వచ్చింది. 2024లో వెలువడిన అధ్యయనంలో అది 92.7 శాతం పార్కిన్సన్స్ రోగుల్లో పాజిటివ్‌గా వచ్చింది.

అయితే మీ నాన్నగారికి ఈ పరీక్ష ఇప్పుడు చేయించమని నేను చెప్పను. కారణం సులభమైనదే. పాజిటివ్ వచ్చినా, నెగటివ్ వచ్చినా రేపు ఉదయం ఇచ్చే మాత్ర మారదు. పైగా జబ్బు ఎంత ముదిరిందో, మందు ఎంత పనిచేస్తోందో ఆ పరీక్ష చెప్పలేదు. రూపు చెడిన ప్రోటీన్ ఉందా లేదా అన్నదే అది చెబుతుంది. దాని అసలు విలువ పరిశోధనలో ఉంది. జబ్బును నెమ్మదింపజేసే మందు కోసం జరిగే ప్రయోగాల్లోకి నిజంగా ఆ జబ్బు ఉన్నవారినే తీసుకోవడానికి, లక్షణాలు బయటపడకముందే గుర్తించడానికి అది దారి చూపుతోంది.

మణికట్టు పరికరం మాట వేరు. అది మీ నాన్నగారికి నేరుగా ఉపయోగపడవచ్చు. ఈ జబ్బును కొలవడానికి మా దగ్గర ఉన్న ముఖ్యమైన సాధనం 2008లో సవరించిన యూపీడీఆర్ఎస్ పట్టిక. అందులో కదలికలకు సంబంధించిన భాగంలో 33 అంశాలకు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేసి, 132కు ఎంతో లెక్క తేలుస్తాం. చాలా మంచి పట్టిక, కానీ అది ఆ ఒక్క పూట సంగతే. డాక్టరు ముందు కూర్చోగానే కొందరికి వణుకు పెరుగుతుంది, కొందరు శక్తినంతా కూడగట్టుకుని చక్కగా నడిచి చూపిస్తారు. తెల్లవారుజామున మంచం మీద పక్కకు తిరగలేక పడిన అవస్థను ఏ పట్టికా చూడదు. రోజంతా మణికట్టుకు ఉండే పరికరం ఆ లోటును కొంత తీరుస్తుంది. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య అధ్యయనం కోసం లక్ష మందికి పైగా వారం రోజులు ఇలాంటి పరికరం ధరించారు. ఆ సమాచారాన్ని 2023లో విశ్లేషిస్తే, తర్వాత పార్కిన్సన్స్ బయటపడినవారిలో నిర్ధారణకు ఏడేళ్ల ముందు నుంచే కదలికలు తగ్గాయని కనబడింది. అలాగని కొన్న ప్రతి స్మార్ట్‌వాచీ జబ్బును చెప్పగలదని అనుకోవద్దు. చేతి వణుకును పరికరం బాగా పట్టుకుంటుంది. బిగుతును, నిరాశను పట్టుకోలేదు.

పరిశోధనలో చేరడంపై నా మాట: ఇది పరిశీలన మాత్రమే అయితే, కొత్త మందు ఏదీ ఇవ్వకపోతే, చేరమనే చెబుతాను. సంతకానికి ముందు కొన్ని విషయాలు అడగండి. ఇప్పుడు వాడుతున్న మందుల్లో మార్పు చేస్తారా? వెన్ను ద్రవం తీయడం తప్పనిసరా? తీస్తే రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు. సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది? ఫలితాలు మీకు చెబుతారా? ఎప్పుడైనా తప్పుకునే హక్కు మీ నాన్నగారికి ఉంటుంది, దాని వల్ల వైద్యంలో తేడా రాకూడదు. ఈ విషయాలన్నీ ఆయనతో నేరుగా మాట్లాడమనండి. ఒప్పుకోవాల్సింది ఆయన. తర్వాత ఎప్పుడైనా కొత్త మందు ప్రయోగానికి పిలిస్తే, ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తి మాత్ర వెళ్లిందో రోగికీ డాక్టరుకూ తెలియకుండా ఎందుకు ఉంచుతారని మీకు అనిపించవచ్చు. మందు అనుకుని ఉత్తి ద్రవాన్ని తీసుకున్న పార్కిన్సన్స్ రోగుల మెదడులో కూడా డోపమైన్ విడుదలైనట్లు 2001లో స్కాన్లలో చూశారు. ఈ జబ్బులో నమ్మకానికి అంత బలం ఉంది. ఆ జాగ్రత్త లేకపోతే ఏ మందు నిజంగా పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

స్కాట్లండ్‌కు చెందిన జాయ్ మిల్న్ అనే నర్సు గురించి మీకు చెప్పాలి. తన భర్త ఒంటి వాసన మారిందని, ఆయనకు పార్కిన్సన్స్ బయటపడటానికి ఎన్నో ఏళ్ల ముందే ఆమె గుర్తించింది. పరిశోధకులు ఆరుగురు రోగుల, ఆరుగురు ఆరోగ్యవంతుల చొక్కాలు వాసన చూడమంటే, ఏడింటికి జబ్బు వాసన ఉందని చెప్పింది. ఆ ఏడో మనిషికి కొన్ని నెలల తర్వాత పార్కిన్సన్స్ అని తేలింది. చర్మపు జిడ్డులో జబ్బు ఆనవాళ్లు వెతికే పరిశోధన అలా మొదలైంది.

మీరు కూడా అలాగే చూడగల మనిషని ఉత్తరం చదవగానే అనిపించింది. వచ్చే సంప్రదింపునకు ముందు ఒక వారం చిన్న పుస్తకంలో రాయండి: మాత్ర వేసిన సమయం, కదలిక తేలికపడిన సమయం, మళ్లీ బిగుసుకుపోయిన సమయం. వాసన తెలియడం తగ్గిందా, మలబద్ధకం ఉందా, నిద్రలో అరవడం, చేతులు విసరడం ఉన్నాయా అన్నది అమ్మగారిని అడిగి రాయండి. ఇవి చేతి వణుకుకన్నా ఏళ్ల ముందే మొదలై ఉండవచ్చు. ఫోనులో రెండు వీడియోలు తీయండి, ఉదయం మాత్ర వేసుకోకముందు ఒకటి, వేసుకున్న గంటకు మరొకటి. రెండింటిలోనూ ఆయన కుర్చీలోంచి లేచి, పది అడుగులు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. పాదాలు, చేతులు రెండూ కనబడేలా తీయండి.