చించినవాడు, అతికించినవాడు

అబ్బాయీ,

నీ నవల రాతప్రతి చివరిదాకా చదివాను. కొరియాలోని నమ్‌హాన్ కోట గోడ మీద కాపలా సిపాయి వేళ్ళు ఈటెకు అంటుకుపోయే చోటు బాగుంది. మూడో అధ్యాయానికి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది.

'మంత్రి చ్వే మ్యోంగ్‌గిల్ కుటిలంగా నవ్వుతూ లొంగుబాటు లేఖ రాశాడు' అన్నావు. ఎందుకు నవ్వాలయ్యా ఆయన? 1636 చలికాలంలో మంచూరియా నుంచి చింగ్ వంశపు సైన్యం కొరియా మీద విరుచుకుపడింది. రాజు ఇంజో కాంగ్‌హ్వా దీవికి తప్పించుకుపోదామనుకుంటే దారి తెగిపోయింది. అప్పుడు శత్రువు ముందు దళానికి ఎదురెళ్ళి, మాటల్లో పెట్టి, రాజు నమ్‌హాన్ కోటలోకి చేరేదాకా కాలయాపన చేసిందెవరు? నీ విలనే! తల ఎగిరిపోవచ్చని తెలిసే వెళ్ళాడు. ఈ సంగతి నీ నవల్లో ఒక్క ముక్క లేదు.

నాదొకటే పట్టు. ద్రోహి అని లోకం ముద్ర వేసినవాడి తరఫున రచయిత వకాల్తా పుచ్చుకోవాలి. వీరుడికి వకీలు అక్కర్లేదు, వాడి పక్షాన శిలావిగ్రహాలుంటాయి.

నా తొలి చారిత్రక నవల్లో కోట తలుపు తెరిచి ఇచ్చిన సేనాని ఒకడున్నాడు. లోపల పసిపిల్లలు తిండిలేక రాలిపోతుంటే తెరిచాడు. ఒక వారపత్రిక సంపాదకుడు 'పాఠకుడు ఎవర్ని తిట్టుకోవాలో తేల్చండి' అని తిప్పి పంపాడు. నేను మార్చలేదు. ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పుకుంటూ, ఊళ్ళోవాళ్ళ పెళ్ళి శుభలేఖల ప్రూఫులు దిద్దుకుంటూ బతికాను, నవల అటకెక్కింది. ఆ తర్వాత ఆ పెద్దమనిషే వేసిన సీరియల్లో విలన్‌కి ఒంటికన్ను, భుజాన గద్ద! ఇప్పటి వెబ్ సిరీస్‌ల వాళ్ళూ ఆ గద్దనే ఎగరేస్తున్నారు, కాకపోతే స్లో మోషన్‌లో.

సరే, లేఖ దగ్గరికి వద్దాం. కోటలో దాదాపు 13,000 మంది సైనికులు, 50 రోజులకు మించని తిండి. బయటి నుంచి సాయం కోట దాకా చేరలేదు. ఆ స్థితిలో చ్వే రాసిన లేఖను కిమ్ సాంగ్‌హన్ లాక్కుని పరపరా చించి, బావురుమని ఏడ్చాడు. ఆయనా మంత్రే. అంతకు నలభై ఏళ్ళ ముందు జపాన్ దండెత్తినప్పుడు చైనాను ఏలుతున్న మింగ్ వంశపు సేనలు వచ్చి కాపాడాయి. ఆ మింగ్‌కి శత్రువైన చింగ్ ముందు మోకరిల్లడం కిమ్ దృష్టిలో కృతఘ్నత. చ్వే ఏం చేశాడు? వాదించలేదు. వంగి ఆ ముక్కలు ఏరుకుని అతికించాడు. చించేవాడూ ఉండాలి, అతికించేవాడూ ఉండాలి అన్నాడని చెబుతారు. ఈ ఇద్దరిలో ద్రోహి ఎవరో నువ్వు చెప్పు, నేను వింటాను. ఇంత సన్నివేశాన్ని నువ్వు 'సభలో గందరగోళం చెలరేగింది' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. మంచుకేమో రెండు పేజీలు!

ఈలోగా కాంగ్‌హ్వా కూడా పడిపోయింది, రాజకుమారులు పట్టుబడ్డారు. 1637లో 47 రోజుల ముట్టడి తర్వాత ఇంజో బయటికొచ్చి సామ్‌జన్‌డో దగ్గర చింగ్ చక్రవర్తి ముందు మూడుసార్లు మోకరిల్లి, తొమ్మిదిసార్లు తల నేలకు వంచాడు. నీ నవల అక్కడ ముగిసింది. అసలు కథ అక్కడే కదయ్యా మొదలవుతుంది! లొంగొద్దన్న ముగ్గురు పండితుల్ని చింగ్ రాజధాని షెన్‌యాంగ్ తీసుకెళ్ళి చంపారు. కొన్నేళ్ళకు కిమ్‌నీ అక్కడికే పట్టుకుపోయారు. ఆ తర్వాత చ్వేనీ తీసుకుపోయారు, దేనికో తెలుసా? మింగ్‌తో రహస్యంగా మంతనాలు సాగించినందుకు! చించినవాడూ అతికించినవాడూ ఒకే ఊళ్ళో ఖైదీలై, ఒకరికొకరు పద్యాలు రాసుకున్నారు. నీ కుటిలపు నవ్వు ఈ మనిషి మొహానికి ఎక్కడ అతుకుతుంది?

పబ్లిషర్ సంగతి, ముఖచిత్రం సంగతి అడిగావు. ముందు మూడో అధ్యాయం చించెయ్. చ్వే ఆ లేఖ రాసే రాత్రి ఆయన గదిలో నుంచి మొదలుపెట్టు. లేఖ కింద తన పేరుంటే మనవలు ఏమంటారో ఆయన ఆలోచించాడో లేదో నువ్వే తేల్చుకో. షెన్‌యాంగ్ జైలుకు ఇంకో మూడు అధ్యాయాలు కావాలి. రాశాక కాగితాల మీదే పంపు, ఫోన్లో పంపితే చదవను.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన