తాళం తిరగడం లేదంటే సిలిండర్ పోయినట్టేనా?

ప్రశ్న: మా కారు పాతది, ఇరవై ఏళ్లు దాటింది. కొన్నాళ్లుగా ఇగ్నిషన్‌లో తాళం ఒక పట్టాన తిరగడం లేదు, నాలుగైదు సార్లు కదిపితే గానీ స్టార్ట్ కాదు. లాక్ సిలిండర్ (తాళం దూర్చి తిప్పే భాగం) మార్చాలని మెకానిక్ అంటున్నాడు. నేనే మార్చుకోవచ్చా? తలుపులకో తాళం, ఇగ్నిషన్‌కో తాళం మోయాల్సి వస్తుందా?

జవాబు: మార్చుకోవచ్చండీ. కాకపోతే ముందు ఇంట్లో పక్కన పడేసిన రెండో తాళం పెట్టి చూడండి. అది హాయిగా తిరిగితే అరిగింది మీ తాళమే, సిలిండర్ జోలికి వెళ్లక్కర్లేదు. ఆ అరిగినదాన్నే ఇచ్చి డూప్లికేట్ చేయించకండి, అరుగుదల కూడా అచ్చంగా దిగిపోతుంది. తాళం నంబరును బట్టి కోయించుకోండి. స్టీరింగ్ ఒక పక్కకు బిగుసుకుని ఉన్నా తాళం తిరగదు, దాన్ని అటూ ఇటూ మెల్లగా కదుపుతూ తిప్పాలి. బలం మాత్రం వద్దు, తాళం లోపలే విరిగితే పని రెట్టింపవుతుంది.

సిలిండర్ లోపల పల్చటి లోహపు పలకలు వరసగా ఉంటాయి, వాటిని నెట్టడానికి చిన్న చిన్న స్ప్రింగులు. సరైన తాళం పెడితే పలకలన్నీ అంచుకు సమానంగా సర్దుకుంటాయి, అప్పుడే అది తిరుగుతుంది. ఏళ్ల తరబడి వాడేసరికి అవి అరిగి, ఏ ఒక్కటి కాస్త పొడుచుకు వచ్చినా అడ్డం పడుతుంది. మీరు కదిపితే తిరుగుతోందంటే ఆ కుదుపుకి ఆ పలక లోపలికి జారుతోందన్నమాట.

ఇక విప్పడం. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి, ఇందులో తొందర అస్సలు పనికిరాదు. స్టీరింగ్ కాలమ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవర్ స్క్రూలు తీస్తే లాక్ బయటపడుతుంది. చాలా మోడళ్లలో దాని పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. తాళాన్ని ఏసీసీ (ఇంజిన్ స్టార్ట్ కాకుండా రేడియో లాంటివి పనిచేసే పొజిషన్) దాకా తిప్పి, ఆ రంధ్రంలో సన్నటి గట్టి తీగ పెట్టి లోపలి పిన్నును నొక్కిపట్టి తాళంతో సహా లాగితే సిలిండర్ చేతిలోకి వచ్చేస్తుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది: తాళం తిరిగితేనే ఆ పిన్ను వదులుతుంది. పూర్తిగా బిగుసుకుపోయాక డ్రిల్ చేసి తీయాల్సిన పరిస్థితి రావచ్చు. అందుకే ఇంకా తిరుగుతున్నప్పుడే మార్చేయండి, వచ్చే నెల చూద్దాంలే అనుకోవద్దు. బిగించగానే తల తెగిపోయి మామూలుగా విప్పరాని బోల్టులతో లాక్ కూర్చునే హౌసింగ్‌ మొత్తం బిగించి ఉంటే మాత్రం మెకానిక్‌కే వదిలేయడం మంచిది.

కొత్తది పెట్టాక కవర్ బిగించకముందే అన్ని పొజిషన్లూ తిప్పి, స్టీరింగ్ లాక్ పడి మళ్లీ విడుతోందో లేదో చూసుకోండి.

ఒకే తాళం కావాలంటే, తాళాలు చేసేవాళ్లు కొత్త సిలిండర్‌లో మీ పాత తాళానికి సరిపోయేలా పలకలు పేర్చి ఇస్తారు. కొత్త తాళమే వాడదామనుకుంటే చిప్ సంగతి మరవకండి. 1990ల మధ్య నుంచి వచ్చిన చాలా కార్లలో తాళం తలలో ఇమ్మొబిలైజర్ చిప్ (బండి తన తాళాన్ని గుర్తుపట్టేది దీన్ని బట్టే) ఉంటుంది. అది లేని తాళం చక్కగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు, లేదా అందుకుని వెంటనే ఆగిపోతుంది. తప్పుగా బిగించామేమోనని టెన్షన్ పడి మళ్లీ విప్పకండి, పాత చిప్‌ను కొత్త తాళంలోకి మార్పించండి.

ప్రశ్న: తాళం బాగానే తిరుగుతోంది, కానీ బండి నడుస్తుండగా డాష్‌బోర్డు లైట్లు ఆరి మళ్లీ వెలుగుతున్నాయి. ఇదీ సిలిండరేనా?

జవాబు: ఎక్కువగా అనుమానించాల్సింది దాని వెనకుండే ఇగ్నిషన్ స్విచ్‌ని. సిలిండర్ తాళాన్ని పట్టుకునేది, స్విచ్ కరెంటును కలిపేది, రెండూ వేరు. ఇంజిన్ దారిలో ఆగిపోతే పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకు గట్టిపడుతుంది, ఎయిర్‌బ్యాగ్ కూడా పనిచేయకపోవచ్చు. 2014లో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది ఇలాంటి స్విచ్ లోపంతోనే, అప్పుడు కీ రింగుకి తాళం తప్ప ఇంకేమీ తగిలించవద్దని యజమానులకు చెప్పింది. మీరూ ఇవాళే గుత్తి తీసేసి ఒక్క తాళమే ఉంచండి, స్విచ్ చూపించేదాకా బండి బయటికి తీయకండి.