నలభై సిస్టమ్స్‌కు ఒకే ఇమేజ్: సిస్‌ప్రెప్ ఎందుకు మొరాయిస్తోంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది. అప్పటి నుంచి కాలేజీ ల్యాబ్‌లు, టైపింగ్ ఇన్‌స్టిట్యూట్లు, చిన్న ఆఫీసులు విండోస్ 11కు మారే పనిలో ఉన్నాయి. ఒక్కో సిస్టమ్‌కూ విడిగా విండోస్ వేసి, ఆఫీస్ వేసి, ప్రింటర్ పెట్టుకుంటూ పోతే వారాలు పడుతుంది. అందుకే ఒక సిస్టమ్‌ను మనకు కావలసినట్టు సిద్ధం చేసి, దాని ఇమేజ్ (డిస్క్‌లో ఉన్నదంతా ఒకే ఫైల్‌గా చేసిన నకలు) తీసి, మిగతావాటికి వేస్తున్నారు. ఇమేజ్ తీసే ముందు ఆ ఒక్క సిస్టమ్‌కే చెందిన గుర్తులను తుడిచేసే విండోస్ టూల్ పేరే సిస్‌ప్రెప్. పద్ధతి మంచిదే. అయితే అందులో ఒక చిన్న తప్పు దొర్లితే అది నలభై సిస్టమ్స్‌లోకీ పోతుంది. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీని గురించే కాబట్టి శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

సందేహం: మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో 40 సిస్టమ్స్ ఉన్నాయి. ఒకదానిలో విండోస్ 11, ఆఫీస్, పైథాన్, ట్యాలీ అన్నీ వేసి సిస్‌ప్రెప్ నడిపితే, ‘సిస్‌ప్రెప్ వాజ్ నాట్ ఏబుల్ టు వ్యాలిడేట్ యువర్ విండోస్ ఇన్‌స్టలేషన్’ అని చూపించి ఆగిపోతోంది. మూడుసార్లు ఫార్మాట్ చేసి మొదటి నుంచి వేశాను. మూడుసార్లూ ఇదే. తప్పెక్కడ జరుగుతోంది? – ఒక ల్యాబ్ అసిస్టెంట్, నరసరావుపేట

సమాధానం: మీరు మూడుసార్లు ఫార్మాట్ చేయాల్సిన అవసరమే లేదండి. తెరమీద వచ్చే ఆ వాక్యం పని ఆగిందని మాత్రమే చెబుతుంది. ఎందుకు ఆగిందో లాగ్ ఫైల్‌లో రాసి ఉంటుంది. సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో సిస్‌ప్రెప్, అందులో పాంథర్ అనే ఫోల్డర్ తెరవండి. సెటప్‌యాక్ట్, సెటప్‌ఎర్ అనే రెండు లాగ్ ఫైళ్లు కనిపిస్తాయి. మొదటిదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అట్టడుగు నుంచి పైకి చదువుతూ ‘ఎర్రర్’ అన్న మాట ఉన్న వరుస దగ్గర ఆగండి. అక్కడ సాధారణంగా రెండు కారణాల్లో ఒకటి కనిపిస్తుంది.

మొదటిది స్టోర్ యాప్. ఫలానా ప్యాకేజీ ఒక యూజర్‌కు ఇన్‌స్టాల్ అయింది గానీ అందరు యూజర్లకూ సిద్ధం చేసిలేదు అనే అర్థంలో ఒక వరుస ఉంటుంది. మీరు విండోస్ వేసి, ఇంటర్నెట్ ఉండగా లాగిన్ అయి, సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకుంటున్న ఆ గంటలోనే మైక్రోసాఫ్ట్ స్టోర్ వెనకాల తన పని తాను చేసుకుపోతుంది. కొన్ని యాప్‌లను అప్‌డేట్ చేస్తుంది, కొన్నింటిని మీ యూజర్ కింద కొత్తగా తెచ్చి పెడుతుంది. సిస్‌ప్రెప్ ఒప్పుకోనిది దీన్నే. మీరు ప్రతిసారీ అదే క్రమంలో చేశారు కాబట్టి ప్రతిసారీ అదే చోట ఆగింది.

లాగ్‌లో ఉన్న ఆ ప్యాకేజీ పూర్తి పేరును కాపీ చేసుకోండి. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ‘రిమూవ్-యాప్‌ఎక్స్‌ప్యాకేజ్’ కమాండ్‌కు ఆ పేరు, దాని వెనుక ‘ఆల్‌యూజర్స్’ అనే స్విచ్ ఇచ్చి తీసేయండి. మళ్లీ సిస్‌ప్రెప్ నడపండి. ఈసారి ఇంకో యాప్ పేరు చెప్పి ఆగితే కంగారుపడకండి, ఆ పేరుతో కూడా అలాగే చేయండి. నాలుగైదు పేర్లు వరుసగా రావడం మామూలే. ఆ సిస్టమ్‌లో మీరు సరదాగా పెట్టి వదిలేసిన ‘టెస్ట్’ లాంటి యూజర్లు ఉంటే ముందు వాళ్ల ప్రొఫైళ్లు తొలగించండి. చాలాసార్లు యాప్ వాళ్ల పేరు మీదే ఉండిపోతుంది.

రెండో కారణం బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ ఏర్పాటు. విండోస్ 11లో, ముఖ్యంగా 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా వేసినప్పుడు డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఇది మన ప్రమేయం లేకుండానే మొదలవుతుంది. నేను ఆన్ చేయలేదు కదా అని మీరు అనుకోవచ్చు. మీరు చేయకపోయినా అది ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. ఆఫ్ చేసిన వెంటనే సిస్‌ప్రెప్ నడపవద్దు. డ్రైవ్ మొత్తం డిక్రిప్ట్ కావడానికి సమయం పడుతుంది. ‘మేనేజ్-బీడీఈ’ కమాండ్‌కు ‘స్టేటస్’ స్విచ్ ఇస్తే ఎంత శాతం అయిందో చూపిస్తుంది. పూర్తిగా డిక్రిప్ట్ అయిందని చూశాకే ముందుకు వెళ్లండి.

ఇక ఈ చిక్కే రాకుండా ఉండాలంటే సిస్టమ్‌ను ఆడిట్ మోడ్‌లో సిద్ధం చేయాలి. విండోస్ వేయడం పూర్తయ్యాక ఏ దేశం అని అడిగే మొదటి తెర వస్తుంది కదా, అక్కడ ఏదీ ఎంచుకోకుండా కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, యూజర్‌ను సృష్టించకుండానే నేరుగా బిల్ట్-ఇన్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరుచుకుంటుంది. నెట్ కేబుల్ తీసేసి, వైఫై కలపకుండా, సాఫ్ట్‌వేర్లన్నీ పెన్‌డ్రైవ్ నుంచే వేయండి. స్టోర్‌కు ఇంటర్నెట్ అందకపోతే మొదటి చిక్కు దాదాపు రాదు.

మరొక్క మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. మాస్టర్ ఇమేజ్‌ను అసలు సిస్టమ్ మీద కాకుండా వర్చువల్ మెషీన్‌లో తయారు చేయండి. విండోస్ ప్రోలో హైపర్-వీ ఉచితంగానే ఉంటుంది. సిస్‌ప్రెప్ నడిపే ముందు ఒక చెక్‌పాయింట్ తీసుకుంటే, అది చెడినా రెండు నిమిషాల్లో వెనక్కి రావచ్చు. మీరు మూడుసార్లు పడిన శ్రమ మిగిలేది. పైగా ఒక కంపెనీ కంప్యూటర్‌కు సంబంధించిన డ్రైవర్లు, దానితో వచ్చిన ట్రయల్ సాఫ్ట్‌వేర్లు ఇమేజ్‌లోకి రావు.

లైసెన్స్ సంగతి కూడా చూసుకోండి. కంప్యూటర్లతో పాటు వచ్చిన ఓఈఎం విండోస్‌తో ఇమేజ్ తీసి అన్నింటికీ వేసే హక్కు రాదు. ఆ హక్కు, సంస్థలు చాలా సిస్టమ్స్‌కు కలిపి తీసుకునే వాల్యూమ్ లైసెన్స్‌తో వస్తుంది. కాలేజీకి ఏది ఉందో కొనుగోలు కాగితాల్లో చూసుకుని మొదలుపెట్టండి.

సందేహం: మా శిక్షణ కేంద్రంలో 12 సిస్టమ్స్. ఒకదాన్ని సిద్ధం చేసి, క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో మిగతావాటికి ఉన్నదున్నట్టు ఘోస్ట్ చేశాం. నెలల తరబడి బాగానే నడిచాయి. ఇప్పుడు షేర్డ్ ఫోల్డర్ తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతోంది. సరైనదే ఇచ్చినా మళ్లీ అడుగుతోంది. రిమోట్ డెస్క్‌టాప్ కూడా కలవడం లేదు. వైరస్ ఏమైనా పట్టిందా? – కేంద్రం నిర్వాహకురాలు, హనుమకొండ

సమాధానం: వైరస్ కాదమ్మా. మీ పన్నెండు సిస్టమ్స్‌కూ ఒకే ‘సిడ్’ ఉంది, చిక్కంతా దానితోనే.

విండోస్ వేసినప్పుడు ప్రతి కంప్యూటర్‌కూ సెక్యూరిటీ ఐడెంటిఫయర్ అనే పొడవాటి అంకె ఒకటి తయారవుతుంది. దాన్నే క్లుప్తంగా సిడ్ అంటారు. సిస్‌ప్రెప్‌లో ‘జనరలైజ్’ అనే గడికి టిక్ పెట్టి నడిపితే పాత అంకె తుడిచిపెట్టుకుపోయి, ఇమేజ్ వేసిన ప్రతి సిస్టమ్‌లో కొత్తది పుడుతుంది. నేరుగా క్లోన్ చేస్తే పన్నెండింటికీ ఒకే అంకె మిగులుతుంది.

ఇన్నాళ్లూ ఎలా నడిచాయి మరి? విండోస్ లోతుపాతులు బాగా తెలిసిన సిస్ఇంటర్నల్స్ సృష్టికర్త మార్క్ రస్సినోవిచ్, సిడ్‌లు ఒకటే అయినంత మాత్రాన పెద్ద ప్రమాదం లేదని 2009లో వివరంగా రాశారు. సిడ్ మార్చడానికి తాము ఇచ్చిన న్యూసిడ్ అనే టూల్‌ను కూడా అప్పుడే ఉపసంహరించుకున్నారు. క్లోన్ చేసే ముందు సిస్‌ప్రెప్ తప్పనిసరి అన్న మైక్రోసాఫ్ట్ నియమం మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నియమం పాటించని వాళ్లకూ పని జరిగిపోతుండటంతో చాలామంది దాన్ని పట్టించుకోలేదు.

2025 ఆగస్టు 29 నుంచి వచ్చిన అప్‌డేట్లతో ఇది మారింది. విండోస్ 11లో 24హెచ్2, 25హెచ్2, అలాగే విండోస్ సర్వర్ 2025 ఇప్పుడు సిడ్‌ను తనిఖీ చేస్తున్నాయి. ఒకే సిడ్ ఉన్న రెండు సిస్టమ్స్ ఒకదానితో ఒకటి మాట్లాడబోతే కెర్బెరోస్, ఎన్‌టీఎల్ఎం రెండు రకాల ధ్రువీకరణలూ విఫలమవుతాయి. పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వకపోవడానికి కారణం ఇదే.

నా మాట మీద ఆధారపడకుండా మీరే పరీక్షించుకోండి. రెండు సిస్టమ్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘హూఆమ్ఐ’ కమాండ్‌కు ‘యూజర్’ స్విచ్ ఇవ్వండి. లోకల్ యూజర్‌తో లాగిన్ అయి ఉంటే ఒక పొడవాటి అంకె వస్తుంది. చివర ఉన్న 1001 లాంటి సంఖ్య యూజర్‌ది, దానికి ముందున్నదంతా కంప్యూటర్‌ది. ఆ ముందు భాగం రెండింటిలోనూ ఒకటే అయితే నిర్ధారణ అయినట్టే. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే ఎల్ఎస్ఏఎస్ఆర్‌వీ పేరుతో 6167 అనే ఈవెంట్ కూడా ఉండాలి.

పరిష్కారం ఒకటే: సరిగ్గా సిస్‌ప్రెప్ చేసిన ఇమేజ్‌ను మళ్లీ వేయడం. మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌ను సంప్రదిస్తే తాత్కాలికంగా ఒక గ్రూప్ పాలసీ ఇస్తారు, అది మీకు కొంత గడువు మాత్రమే ఇస్తుంది. సిడ్ మారుస్తామంటూ ఎక్కడో దొరికే టూల్స్ జోలికి వెళ్లవద్దు. ఆ అప్‌డేట్ తీసేసి సరిపెట్టుకోవద్దు, దానితో పాటు మిగతా భద్రతా సవరణలు కూడా పోతాయి. పిల్లల ప్రాజెక్టులు, ఫీజుల లెక్కలు ముందు వేరే డిస్క్‌కు బ్యాకప్ తీసుకోండి. పన్నెండు సిస్టమ్సే కాబట్టి ఒక ఆదివారం పని.

లైనక్స్ వాడేవాళ్లకూ ఇలాంటిదే ఒకటుంది. ఉబుంటు సర్వర్‌ను క్లోన్ చేసినప్పుడు ఈటీసీ ఫోల్డర్‌లోని మెషీన్-ఐడీ ఫైల్‌ను ఖాళీ చేయకపోతే, రెండు సిస్టమ్స్‌కూ రూటర్ ఒకే ఐపీ అడ్రస్ ఇవ్వవచ్చు. ఇమేజ్ తీసే ముందు ఆ ఫైల్‌ను ఖాళీ చేయండి, కానీ డిలీట్ చేయవద్దు. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలను మాత్రం తొలగించి, కొత్త సిస్టమ్‌లో మళ్లీ తయారయ్యేలా చూడండి.

సందేహం: పాత డెస్క్‌టాప్‌లకు చక్కగా ఎక్కిన ఇమేజ్, కొత్త ల్యాప్‌టాప్‌లలో మాత్రం ఎక్కడం లేదు. సెటప్‌లో హార్డ్‌డిస్కే కనిపించదు. డిస్క్ చెడిపోయిందా? – సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

సమాధానం: డిస్క్ బాగానే ఉంది. 11వ తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు ఆన్ అయి వస్తోంది. దాని డ్రైవర్ విండోస్ సెటప్‌లో లేకపోతే వెనకున్న ఎస్ఎస్‌డీ కనిపించదు. ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ నుంచి వీఎండీకి కావలసిన ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ దించుకుని, లోపలి ఐఎన్ఎఫ్ ఫైళ్లు విడిగా కనిపించేలా ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. ఒక్క ల్యాప్‌టాప్‌కే అయితే సెటప్‌లో ‘లోడ్ డ్రైవర్’ చాలు. ఇమేజ్‌కైతే విండోస్‌లోనే ఉండే డిస్మ్ అనే కమాండ్ టూల్‌తో డ్రైవర్ చేర్చాలి.

చాలామంది ఇక్కడే సగం పని చేసి వదిలేస్తారు. డ్రైవర్‌ను విండోస్ ఇమేజ్ ఉండే ఇన్‌స్టాల్.విమ్ ఫైల్‌లో చేరిస్తే సరిపోదు. సెటప్ తెర నడిచేది బూట్.విమ్ నుంచి, అందులోనూ రెండో ఇండెక్స్ నుంచి. రెండు ఫైళ్లలోనూ చేర్చండి. ఐఎస్ఓ నుంచి కాపీ చేసిన విమ్ ఫైల్ రీడ్-ఓన్లీగా ఉంటే మౌంట్ చేయడానికి (మార్పుల కోసం ఫోల్డర్‌లా తెరవడానికి) అనుమతి లేదంటుంది, ప్రాపర్టీస్‌లో ఆ టిక్ తీసేయండి. అన్‌మౌంట్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉన్నా, యాంటీవైరస్ దాన్ని స్కాన్ చేస్తున్నా పని మధ్యలో ఆగిపోతుంది. కిటికీలన్నీ మూసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ మొండికేస్తే డిస్మ్‌లో ‘క్లీనప్-మౌంట్‌పాయింట్స్’ ఇచ్చి కొత్తగా మొదలుపెట్టండి.

బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేస్తే పోతుందని కొందరు సలహా ఇస్తారు. ఖాళీ ల్యాప్‌టాప్‌కైతే ఫర్వాలేదు. అప్పటికే విండోస్ ఉన్నదానిలో ఆఫ్ చేస్తే ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలి తెర వచ్చే అవకాశం ఉంది.

సందేహం: 32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా, 6 జీబీ ఇన్‌స్టాల్.విమ్ ఫైల్ ‘టూ లార్జ్’ అంటోంది. – ఒక విద్యార్థి, తిరుపతి

సమాధానం: మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది. అందులో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటకూడదు. డిస్మ్‌లో ‘స్ప్లిట్-ఇమేజ్’ వాడి, ఫైల్‌సైజ్ 3800 అని ఇచ్చి ఎస్‌డబ్ల్యూఎం ముక్కలుగా చేయండి. వాటిని సోర్సెస్ ఫోల్డర్‌లో పెట్టి, పెద్ద ఫైల్‌ను తీసేస్తే సెటప్ తనంతట తానే ముక్కలను కలుపుకుంటుంది.

సందేహం: మాస్టర్ సిస్టమ్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాను, మాకు కావలసిన తెలుగు ఫాంట్లు వేశాను. ఇమేజ్ వేశాక కొత్త యూజర్‌తో చూస్తే కీబోర్డూ లేదు, ఫాంట్లూ లేవు. గౌతమిలో చేసిన పాత ప్రశ్నపత్రాలు రూపు మారిపోతున్నాయి. – ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా

సమాధానం: మాస్టారూ, ఇది అడిగినందుకు సంతోషం. తెలుగు టైపింగ్ ఏర్పాటు లేకపోతే ఆ ల్యాబ్‌లో పిల్లలు తెలుగు టైప్ చేయడమే మానేస్తారు.

మీరు పెట్టిన కీబోర్డు మీ యూజర్‌కే పరిమితమై ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్, అక్కడ అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్‌కు వెళ్లండి. ‘కాపీ సెట్టింగ్స్’ నొక్కితే కింద రెండు గడులు ఉంటాయి: వెల్‌కమ్ స్క్రీన్, కొత్త యూజర్ అకౌంట్లు. రెండింటికీ టిక్ పెట్టండి. ఇది సిస్‌ప్రెప్‌కు ముందే జరగాలి. సెటప్ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి ఉంచే అన్‌అటెండ్ ఫైల్ వాడుతుంటే అందులోని ఇన్‌పుట్ లొకేల్ వరుసలో ఇంగ్లిష్‌తో పాటు తెలుగు కూడా ఉందో లేదో చూసుకోండి.

ఫాంట్ల సంగతీ ఇలాంటిదే. ఫాంట్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ ఒక్క యూజర్ ప్రొఫైల్‌లోకే వెళ్తుంది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకోండి. గౌతమి, వాణి విండోస్ 10 నుంచి మొదటే రావడం లేదు. ఆప్షనల్ ఫీచర్స్‌లో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అని వెతికి చేర్చాలి. అవి లేనప్పుడు వర్డ్ వాటి బదులు మరో ఫాంట్ వాడుతుంది, దాంతో వరుసల పొడవు మారి రెండు పేజీల ప్రశ్నపత్రం మూడో పేజీలోకి పోతుంది. గౌతమి యూనికోడ్ ఫాంట్ కాబట్టి మీ అక్షరాలు ఎక్కడికీ పోవు. అను ఫాంట్లలో చేసిన పత్రాలు అలా కాదు. ఆ ఫాంట్ లేకపోతే చదవడానికే రావు. దాన్ని లైసెన్స్‌తో విడిగా వేసుకోవాలి.

అన్ని సిస్టమ్స్‌కూ వేసే ముందు ఒక్కదానికి వేసి, కొత్తగా ఒక మామూలు యూజర్‌ను సృష్టించండి. ఆ యూజర్‌తో లాగిన్ అయి ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’, ‘రాష్ట్రం’ అని ఇన్‌స్క్రిప్ట్‌లో టైప్ చేయండి, ఒక పాత ప్రశ్నపత్రం తెరిచి ప్రింట్ తీయండి. ఒత్తులు సరిగ్గా పడి, పేపరు రెండు పేజీల్లో వస్తే మిగతావాటికి వేసేయవచ్చు.